గ్యాసు, కరెంటు, బ్యాటరీ: ఇంటి పనిముట్టుకు ఏది తగినది?

మన తాతల కాలంలో ఇంటి పనులకు శక్తి సమకూర్చినవి రెండే: పొయ్యిలోని కట్టె, మనిషి చేతి సత్తువ. నీరు కాగవలెనన్నా, అన్నం ఉడకవలెనన్నా కట్టె. పిండి విసరవలెనన్నా, గోడలో మేకు దిగవలెనన్నా చేయి. నేడు దుకాణానికి వెళ్ళిన గృహస్థునికి గ్యాసుతో నడిచేది, కరెంటుతో నడిచేది, బ్యాటరీతో నడిచేది అని మూడు తెగల పరికరాలు చూపుతారు. ధర చెబుతారు, గ్యారంటీ కాగితం చూపుతారు. ఆ పరికరం ఎంత శక్తిని కోరునో, ఇంట ఏ మూల నిలువబోవుచున్నదో అడిగేవారు మాత్రం అరుదు. ఈ రెండు ప్రశ్నలు వేసుకొనక కొన్న ఒక పరికరం మా బంధువుల ఇంట ఎంత ప్రమాదం తెచ్చినదో తరువాత మనవి చేస్తాను. ముందు ఒక చిన్న లెక్క అవసరం.

మన ఇళ్ళకు వచ్చే వంటగ్యాసు సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. ఒక కిలో గ్యాసు మండినప్పుడు పుట్టే వేడి సుమారు 12.8 యూనిట్ల విద్యుత్తుకు సమానం. అనగా నిండు సిలిండరులో 180 యూనిట్ల శక్తి దాగి ఉన్నది. ఇక కరెంటు పోయినప్పుడు మనలను ఆదుకొనే ఇన్వర్టరు బ్యాటరీని చూడండి. 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటలు అని దానిపై వ్రాసి ఉంటుంది. రెంటినీ గుణిస్తే 1800 వాట్-గంటలు, అనగా 1.8 యూనిట్లు. ఒక్క సిలిండరులోని శక్తిని నిలువ చేయుటకు, ఒంటరిగా ఎత్తుట కష్టమైన అటువంటి బ్యాటరీలు నూరు కావలెను!

ఈ వ్యత్యాసం ఎందుకు ముఖ్యమో మరొక లెక్క తెలుపుతుంది. బకెట్టెడు నీటిని, అనగా 20 లీటర్లను, 25 డిగ్రీలు వేడెక్కించుటకు 0.58 యూనిట్ కావలెను. అంతే శక్తితో 75 వాట్ల పంకా ఏడున్నర గంటలు తిరుగుతుంది. 30 వాట్లతో తిరిగే కొత్త తరహా పంకా ఐతే పందొమ్మిది గంటలు. వేడి పుట్టించే పని శక్తిని కుంభాలతో మ్రింగుతుంది. కదలించే పని, వెలుగునిచ్చే పని పిడికెడుతో తృప్తి పడతాయి. కావున పరికరం కొనబోయేవారు మొదట అడుగవలసినది “ఇది వేడిని ఇచ్చేదా, కదలికను ఇచ్చేదా?” అని. వేడినిచ్చేదైతే బ్యాటరీ మాట మరచిపోవచ్చును. ఇన్వర్టరు ఉన్నది కదా అని గీజరును దానికి తగిలించేవారు, బియ్యపు గింజతో ఏనుగు ఆకలి తీర్చబూనేవారు ఒక్కటే.

వీధి మూలన ఇస్త్రీ బండి పెట్టుకొన్నవారు ఈ సంగతి పుస్తకం చదువకనే ఎరుగుదురు. బండి దగ్గర కరెంటు లేదు. ఇస్త్రీ పెట్టెకు కావలసినది వేడి. అందుచేతనే బొగ్గుల పెట్టెను విడిచినవారిలో కొందరు నేడు రబ్బరు గొట్టంతో సిలిండరుకు కలిపిన గ్యాసు ఇస్త్రీ పెట్టెను పట్టినారు. అదే పెట్టె ఇంటిలో అనవసరం. గోడలో ప్లగ్గు ఉండగా మంటతో పని ఏమి?

వంటగదిలో పోటీ గ్యాసుపొయ్యికి, ఇండక్షను పొయ్యికి మధ్య. గ్యాసుపొయ్యిపై నూరు పాళ్ళ వేడిలో గిన్నెకు చేరేది సుమారు 68 పాళ్ళు. మిగిలినది ప్రక్కలకు పోయి వంట చేసేవారి ముఖాన కొడుతుంది. ఇండక్షనులో అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగుననే వేడిని పుట్టిస్తుంది కావున 85 పాళ్ళ వరకు వంటకు దక్కుతుంది. ఈ లెక్కన ఒక సిలిండరుతో అయ్యే వంటకు ఇండక్షనుపై సుమారు 145 యూనిట్లు చాలును. మీరు చెల్లించే సిలిండరు ధరను 145 చేత భాగించండి. వచ్చినది మీ యూనిట్ ధర కంటే ఎక్కువైతే ఇండక్షను చవక, తక్కువైతే గ్యాసు చవక. ఐతే మన కరెంటు బిల్లు మెట్లు మెట్లుగా పెరిగేది. వంటకై పెరిగిన యూనిట్లు మిమ్ములను పై మెట్టుకు ఎక్కించవచ్చును. భాగహారం చేసేటప్పుడు ఆ పై మెట్టు ధరనే తీసుకొనవలెను.

డబ్బు లెక్క ఒకటే చాలదు. ఇండక్షనుపై రాగి, ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు సాధారణంగా వేడెక్కవు; అడుగున అయస్కాంతం అంటుకొనే గిన్నె కావలెను. గుండ్రని మూకుడు దానిపై నిలువదు. జొన్నరొట్టెను నిప్పుపై పొంగించుట, పచ్చడికి వంకాయ కాల్చుట దానికి చేతకావు. మా ఇంట ఇత్తడి గిన్నెలు ఎన్ని ఉన్నవో ఇండక్షను కొన్న తరువాతనే లెక్కపెట్టినాము! మరొక మాట. 2000 వాట్ల పొయ్యి దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటును లాగుతుంది. దానిని 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో గ్రుచ్చితే ప్లగ్గు నల్లబడుతుంది, తీగ కాలుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తు తీగ సరిగా ఉన్నవో లేవో ఎలక్ట్రీషియనుకు చూపించిన తరువాతనే పొయ్యి కొనవలెను.

కదలికనిచ్చే పనిముట్లకు గ్యాసు ప్రసక్తి లేదు; కరెంటా, బ్యాటరీయా అన్నదే ప్రశ్న. మిక్సీ కదలకుండా ఒకచోట కూర్చుండేది, దానికి తీగ అడ్డు కాదు. గోడలు తొలిచే డ్రిల్లు సంగతి వేరు. 500 వాట్ల యంత్రం ఒక నిమిషం నడిస్తే అయ్యే ఖర్చు 8 వాట్-గంటలు మాత్రమే. చేతి డ్రిల్లుకు అమర్చే 18 వోల్టుల, 2 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీలో 36 వాట్-గంటలు ఉంటవి. నిచ్చెన ఎక్కి పని చేసే వడ్రంగికి తీగ లేకుండుట గొప్ప సౌకర్యం. ఏడాదికి నాలుగు మేకులు కొట్టుకొనే ఇంటికి మాత్రం తీగ ఉన్న డ్రిల్లే మేలని నా అభిప్రాయం. బ్యాటరీ వాడినా ముసలిదగును, అలమారలో దాచినా ముసలిదగును.

ఇప్పుడు స్నానపు నీటికి వస్తాను. కిందటి శీతకాలంలో మా పినతల్లిగారి ఇంట గ్యాసు గీజరు కొన్నారు. కరెంటు పోయినా వేడినీరు వచ్చును, క్షణంలో వచ్చును అన్నారు, రెండూ నిజమే. అమర్చినవాడు గొట్టం దగ్గరని దానిని స్నానాలగదిలోనే గోడకు బిగించి పోయినాడు. చలిగాలికి వెరచి కిటికీ మూసుకొనుట అందరికీ అలవాటే. నాలుగవనాడు మా తమ్ముడు స్నానానికి వెళ్ళి ఎంతకూ రాలేదు. నీటి చప్పుడు వినవచ్చుచున్నది, పిలిస్తే పలుకు లేదు. గడియ విరుగగొట్టి చూడగా నేలపై స్పృహ తప్పి ఉన్నాడు. ఆసుపత్రిలో ఆమ్లజని ఇచ్చిన తరువాత తేరుకొన్నాడు గాని, మరి కొద్ది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకొనుటకే భయమగుచున్నది.

జరిగినది ఏమనగా, నిమిషానికి ఆరు లీటర్లు కాచే గ్యాసు గీజరు గంటకు దాదాపు ఒక కిలో గ్యాసును మండిస్తుంది. ఒక కిలో గ్యాసు పూర్తిగా మండుటకు సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావలెను. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు గల స్నానాలగదిలో ఉండే గాలి ఐదున్నర ఘనపు మీటర్లే. పావుగంటలో గీజరు కోరే గాలి అందులో సగానికి పైగా! గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువును వెలువరిస్తుంది. అది రక్తంలోని హిమోగ్లోబినును ఆమ్లజని కంటే 200 రెట్లకు మించిన గట్టితనంతో పట్టుకొంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు లీకైతే ముక్కుకు సోకే దుర్వాసన హెచ్చరించునని కొందరు ధైర్యపడతారు. ఆ వాసన గ్యాసులో కలిపిన వేరొక పదార్థానిది. గ్యాసు మండినప్పుడు అదియూ మండిపోతుంది. తలనొప్పి, తల తిరుగుట, కాళ్ళలో సత్తువ పోవుట, ఇవే హెచ్చరికలు. అవి తోచిన వెంటనే బయటకు రావలెను. పడిపోయినవారిని మొదట ఆరుబయటకు చేర్చి, పిదప ఆసుపత్రికి తీసుకొని పోవలెను.

కరెంటు గీజరు ఈ విషవాయువును పుట్టించదు. దానికి ఎర్తు సరిగా ఉండవలెను, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును తెంచివేసే రక్షణ స్విచ్చు ఉంటే మరీ మంచిది. బకెట్టులో ముంచే కడ్డీ హీటరు వాడేవారు స్విచ్చు ఆపి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను. కరెంటు నమ్మకంగా రాని ఊళ్ళలో గ్యాసు గీజరే శరణ్యమైనప్పుడు, దానిని గాలి ధారాళంగా ఆడే బయటి గోడకు బిగించి, వేడినీటిని మాత్రం గొట్టంతో లోనికి తెచ్చుకొనవలెను. మా పినతల్లిగారి గీజరు ఇప్పుడు పెరటి గోడపై, వాన పడకుండా చిన్న రేకు క్రింద ఉన్నది.