ఏడును రెండుతో భాగిస్తే?

మూడున్నర అని మన పిల్లలు తడుముకోకుండా చెబుతారు. పైథాన్ అనే కంప్యూటర్ భాష రెండవ వెర్షనులో మాత్రం 7/2 విలువ 3. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే భిన్నాన్ని వదిలివేయడం దాని నియమం. 2008 డిసెంబరులో వెలువడిన మూడవ వెర్షను 3.5 అంటుంది.

పదిమంది ప్రోగ్రాములకు అక్కరకు వచ్చే సూత్రాల సంపుటిని లైబ్రరీ అంటారు. మా రసాయన గణనలన్నీ అటువంటి వాటి మీదే ఆధారపడతాయి. పాత ప్రింట్ వాక్యం కొత్త వెర్షనులో నడవదు. యంత్రం అక్కడే ఆగి తప్పు చూపుతుంది. అంతవరకు మేలే! భాగహారం అలా కాదు. ప్రోగ్రాము సాఫీగా సాగుతుంది, పట్టిక అచ్చవుతుంది, అంకె మాత్రం వేరు. రౌండ్ సూత్రమూ ఇంతే: 2.5ను పాతది 3 చేస్తే, కొత్తది సమీపపు సరిసంఖ్య అయిన 2 చేస్తుంది.

అందుచేత లైబ్రరీని ఒక్కొక్క వెర్షనులో విడిగా నిర్మించి, జవాబు ముందే తెలిసిన లెక్కలతో పరీక్షిస్తారు. ప్రయోగశాలలో త్రాసును తెలిసిన బరువులతో సరిచూసినట్లు. ఆ లెక్కల ఎంపికలోనే ఉంది నేర్పంతా. 6/2 ఎక్కడైనా మూడే, దానివల్ల ఏమీ బయటపడదు. శేషం మిగిలేవి, సరిగ్గా సగం వద్ద నిలిచేవి కావాలి.

రెండవ వెర్షనుకు అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ఆనాటి ఫలితాలను నేడు తిరిగి లెక్కించదలచినవారు మొదట గాలించవలసినది భాగహారపు గుర్తునే.