పాత లాప్‌టాపుకి ఇంకో ఆయుష్షు

మనవాళ్ళ ఇళ్ళల్లో ఏ అల్మారా తెరిచినా ఒక పాత లాప్‌టాపు కనబడక మానదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 చిప్పు, కాస్త కొత్త ప్రాసెసరు కావాలి. దాంతో చక్కగా పనిచేస్తున్న యంత్రాలు కూడా ఆ అల్మారా దారి పట్టాయి.

నిజానికి ఒక లాప్‌టాపు వల్ల వెలువడే కార్బన్‌లో ఎక్కువ భాగం మనం స్విచ్చి వేయకముందే, దాని తయారీలోనే ఖర్చయిపోతుంది. అందుకే ఉన్నదాన్ని ఇంకో మూడేళ్ళు వాడటమే అసలైన పొదుపు.

మిత్రులడిగితే నేను చెప్పే వరస ఇది. నెమ్మదిగా నడుస్తుంటే ఎస్సెస్డీ వేయించండి, రామ్ పెంచండి. విండోస్ 11 ఎక్కకపోతే లినక్స్ మింట్ ఎక్కించండి. బ్రౌజింగుకీ, పిల్లల హోంవర్కుకీ అది చాలు. అప్పటికీ పనికిరాకపోతేనే రీసైక్లింగు. ఇచ్చేముందు ఫైళ్ళు డిలీట్ చేస్తే సరిపోదు, సెక్యూర్ ఇరేజ్ చేయాలి. ఆర్2 లేక ఇ-స్టివార్డ్స్ సర్టిఫికెట్ ఉన్నవారికే ఇవ్వండి.

ఈ పట్టింపు ఎందుకంటే, 2022లో ప్రపంచమంతా పోగుపడిన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్తలో పద్ధతిగా రీసైకిలైనట్టు లెక్కతేలింది 22.3 శాతమే. మిగతాదాంట్లో కొంత భాగం, ఢిల్లీలోని సీలంపూర్‌లో లాగా, ఒట్టి చేతులతో విడగొట్టే కూలీల పాలవుతుంది.

కొత్తది కొనక తప్పకపోతే ఇపీట్ గుర్తింపు చూడండి. రామ్, బ్యాటరీ మార్చుకునే వీలుందో లేదో కూడా అడగండి. ఉంటే, అయిదేళ్ళ తరవాత పై వరసని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టవచ్చు.