లెన్స్ ముందు యూవీ ఫిల్టర్: ఎప్పుడు ఉంచాలి, ఎప్పుడు తీసి జేబులో వేసుకోవాలి

ఈ ఎపిసోడ్‌లో చాలా చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. ఒక గుండ్రటి గాజు, చుట్టూ సన్నటి రింగు. పేరు యూవీ ఫిల్టర్. కొత్తగా కెమెరా కొన్న ప్రతి ఒక్కరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, లెన్స్‌కి ఫిల్టర్ వేయించాలా, వద్దా?"

ఆన్సర్ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ దానికంటే ముందు నా కథ చెప్తాను. ఎందుకంటే ఈ గాజు విషయంలో నేను దెబ్బ తిన్నాను.

బీటెక్ అయిపోయి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అది. జీతంలో కొంచెం కొంచెం దాచుకుని ఒక డీఎస్ఎల్ఆర్ కొన్నాను. బిల్లు వేసే ముందు షాపాయన "లెన్స్‌కి గార్డ్ వేయించుకోండి సార్, 300 రూపాయలే" అన్నాడు. అంత డబ్బు పెట్టి కెమెరా కొన్నవాడికి 300 ఒక లెక్కా? వేయించేశాను. ఆ తర్వాత దాన్ని ఒక్కసారి కూడా తీయలేదు.

తర్వాతి నెలలోనే మా పెద్దమ్మ కూతురి పెళ్ళి. రాత్రి ముహూర్తం. మండపం నిండా సీరియల్ లైట్లు, మూలల్లో పెద్ద పెద్ద ఫోకస్ లైట్లు. నేను తెగ తిరిగేసి 600 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో చూస్తే గుండె జారిపోయింది. చాలా ఫోటోల్లో ఆకుపచ్చ మచ్చలు. అన్నిటికంటే ముఖ్యమైన ఫోటో, మా తాతయ్య నవ్వుతూ అక్షింతలు వేస్తున్నది. సరిగ్గా ఆయన బుగ్గ మీద ఒక మచ్చ.

లెన్స్ పాడైపోయిందనుకున్నాను. ఫిల్టర్ మీద అనుమానమే రాలేదు. అది లెన్స్‌ని కాపాడేది కదా!

మరుసటి ఏడాది తాతయ్య పోయారు. ఫ్రేమ్ కట్టించడానికి ఇంట్లో వాళ్ళు ఆ ఫోటోనే అడిగారు. ఎడిటింగ్‌లో మచ్చ తీసేసి, పక్కనున్న చర్మం రంగు కలిపి ఇచ్చాను. ఎవరూ గమనించలేదు. కానీ ఇప్పటికీ ఆ ఫోటో ముందు నిలబడితే నాకు మాత్రం తెలుస్తుంది. ఆ బుగ్గ తాతయ్యది కాదు, నేను పూసిన రంగు.

తప్పు షాపాయనది కాదు. ఆయన అమ్మేది ఆయన అమ్మాడు. ఆ గాజు ఏం చేస్తుందో తెలుసుకోకపోవడం నా తప్పు. మీకు అలా జరగకూడదనే ఈ ఎపిసోడ్.

అసలు యూవీ ఫిల్టర్ ఎందుకు పుట్టింది?

మన కళ్ళకి కనిపించే కాంతి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉంటుంది. 400 కంటే తక్కువ ఉన్నది అల్ట్రావయొలెట్, అదే యూవీ. మనకి కనిపించదు. కానీ పాతకాలం ఫిల్మ్ రోల్‌కి కనిపించేది! ఫిల్మ్ మీద పూసే వెండి లవణాలకి నీలం, యూవీ కాంతి అంటే సహజంగానే స్పందన ఎక్కువ.

పైగా గాలిలో చిన్న తరంగాలు ఎక్కువగా చెదిరిపోతాయి. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో రేలీ స్కాటరింగ్ చదువుకున్నాం, గుర్తుందా? ఆకాశం నీలంగా ఉండటానికి కారణం అదే. ఆ లెక్క ప్రకారం 350 నానోమీటర్ల యూవీ కాంతి, 550 దగ్గరుండే ఆకుపచ్చ కాంతి కంటే సుమారు 6 రెట్లు ఎక్కువ చెదురుతుంది. అందుకే కొండల మీద, సముద్రం దగ్గర ఫిల్మ్ కెమెరాతో ఫోటో తీస్తే దూరంగా ఉన్నవన్నీ నీలం పొగ పట్టినట్టు వచ్చేవి. దాన్ని తగ్గించడానికి యూవీ ఫిల్టర్ వాడేవారు. అప్పుడు దానికి నిజంగా పని ఉండేది.

ఇప్పుడు డిజిటల్ కెమెరా సంగతి చూడండి. సెన్సర్ ముందు ఫ్యాక్టరీలోనే ఒక ఫిల్టర్ పొర పెట్టి వస్తుంది. అది యూవీని, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది. దానికి ముందు లెన్స్‌లో ఉన్న గాజులు, వాటి మీది కోటింగ్ కూడా చాలావరకు యూవీని మింగేస్తాయి. యూవీ ఫోటోగ్రఫీ మీద ఇష్టం ఉన్నవాళ్ళు కెమెరా విప్పించి ఆ పొర తీయించుకుంటారు. తీయించుకుంటే గానీ యూవీ సెన్సర్‌కి సరిగ్గా చేరదన్నమాట.

అంటే యూవీ ఫిల్టర్ ఆపాల్సిన యూవీని మీ కెమెరా ఎప్పుడో ఆపేసింది. అరకు కొండల మీద మీకు కనిపించే నీలపు మసక, కంటికి కనిపించే మామూలు నీలం కాంతే. యూవీ ఫిల్టర్ పెట్టినా అది పోదు.

మరి ఇంకా ఎందుకు అమ్ముతున్నారు? రక్షణ కోసం. ఇప్పుడు దాని అసలు ఉద్యోగం గార్డ్ డ్యూటీ. కొన్ని కంపెనీలు ఆ సంగతి దాచకుండా పేరులోనే చెప్తాయి. కెనాన్ దగ్గర "ప్రొటెక్ట్" అని, హోయా దగ్గర "ప్రొటెక్టర్" అని దొరుకుతాయి. అవి ఏ రంగునీ మార్చని స్వచ్ఛమైన గాజు, అంతే.

గార్డ్ డ్యూటీ ఎంతవరకు చేస్తుంది?

దుమ్ము, ఇసుక, ఉప్పునీటి తుంపర, వేలిముద్రలు. వీటి నుంచి బాగా కాపాడుతుంది. ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. మోహ్స్ స్కేల్ మీద దాని గట్టిదనం 7. మామూలు గాజుది 5.5 దగ్గర. అంటే ఇసుక రేణువు గాజుని గీసేస్తుంది. రుషికొండ బీచ్‌లో గాలికి ఇసుక లేస్తుంటే, లెన్స్ మీద పడ్డదాన్ని చొక్కా అంచుతో తుడిచారనుకోండి, మీరే స్వయంగా ఉప్పుకాగితం రుద్దినట్టు. అదే ఫిల్టర్ మీద గీత పడితే ఫిల్టర్ మార్చుకుంటాం. హోలీ రంగులు, వినాయక నిమజ్జనంలో గులాల్, పెళ్ళిలో తలంబ్రాలు పోసుకునేటప్పుడు దగ్గరగా వెళ్ళి తీయడం, ఇలాంటి చోట్ల ఫిల్టర్ ఉండాల్సిందే.

కొన్ని లెన్స్‌లకి ఇంకో కారణం కూడా ఉంది. కెనాన్ 17-40 ఎఫ్/4 ఎల్ లాంటి లెన్స్‌లకి ముందు ఫిల్టర్ పెడితేనే దుమ్ము, నీటి నుంచి పూర్తి రక్షణ ఉంటుందని కంపెనీయే మాన్యువల్‌లో రాసింది. మీ లెన్స్ వెదర్ సీల్డ్ అయితే మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

మరి కింద పడితే? ఇక్కడ చాలామంది పొరబడతారు. "నా కెమెరా పడింది, ఫిల్టర్ పగిలింది, లెన్స్ బతికింది. ఫిల్టరే కాపాడింది" అంటారు. ఆగి ఆలోచించండి. ఫిల్టర్ గాజు పల్చగా ఉంటుంది, చిన్న దెబ్బకే పగులుతుంది. లెన్స్ ముందు గాజు దానికంటే చాలా మందం. ఆ దెబ్బకి లెన్స్ ఎలాగూ పగిలేది కాదేమో! పైగా పగిలిన ఫిల్టర్ ముక్కలే లెన్స్‌ని గీసే ప్రమాదం ఉంది. కింద పడినప్పుడు అసలు నష్టం చాలాసార్లు లోపల జరుగుతుంది. గాజులు పక్కకి జరగడం, ఫోకస్ మోటార్ దెబ్బతినడం లాంటివి. దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. రింగు సొట్టపోయి లెన్స్ అంచు బాగుండటం మాత్రం జరగొచ్చు, అంతవరకు లాభమే.

దెబ్బల నుంచి కాపాడాలంటే లెన్స్ హుడ్ వాడండి. ప్లాస్టిక్ హుడ్ ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి దెబ్బ మొదట అదే తింటుంది, కొంచెం వంగి తట్టుకుంటుంది. పైగా పక్క నుంచి పడే వెలుగుని కూడా ఆపి ఫోటోని బాగుచేస్తుంది. కాకపోతే చాలామంది దాన్ని తిరగేసి బిగించి అలాగే షూట్ చేస్తుంటారు. అలా పెడితే అది బ్యాగులో సర్దుకోవడానికి మాత్రమే, ఫోటోకి పైసా ఉపయోగం లేదు.

తాతయ్య బుగ్గ మీద మచ్చ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇప్పుడే మీ ఫోన్‌తో చిన్న ప్రయోగం చేయండి. రాత్రి బయటికెళ్ళి ఒక వీధిలైటుని ఫోటో తీయండి. లైటు ఫ్రేమ్‌లో కుడివైపు పై మూలన ఉండాలి. చాలా ఫోన్లలో ఎడమవైపు కింద ఒక ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది. ఫోన్ కదిపితే అది లైటుకి ఎదురు దిక్కులో కదులుతుంది. దీన్ని గోస్ట్ అంటారు, మన భాషలో దెయ్యం మచ్చ అనుకుందాం.

గాజు మీద కాంతి పడినప్పుడు అంతా లోపలికి పోదు. కోటింగ్ లేని గాజు అయితే ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. ఫిల్టర్‌కి రెండు ముఖాలు, అంటే మొత్తం దాదాపు 8 శాతం. ఇప్పుడు మండపం లైటు సంగతి చూద్దాం. ఆ కాంతి లెన్స్ గుండా వెళ్ళి సెన్సర్ మీద పడింది. సెన్సర్ మీద కూడా నున్నటి గాజే కాబట్టి కొంత కాంతి వెనక్కి బయలుదేరింది. ఫిల్టర్ లేకపోతే అందులో ఎక్కువ భాగం బయటికి పోయేది. లెన్స్ గాజు తిరగ్గొట్టిన కొంచెం కాంతి కూడా, అది వంపుగా ఉంటుంది కాబట్టి, పలచగా చెదిరిపోయేది. కానీ ఫిల్టర్ ఉంది, అది బల్లపరుపుగా ఉంది. అద్దంలాగా ఆ కాంతిని మళ్ళీ లోపలికి కొట్టింది. అది ఫోటో మధ్య బిందువుకి సరిగ్గా అవతలి వైపు వచ్చి పడింది. ఫోకస్ లైటు కుడి పైన ఉంది, తాతయ్య ఎడమ కింద ఉన్నారు. అంతే.

పగటి వెలుగులో ఇది పెద్దగా కనిపించదు. చీకటి నేపథ్యం, మధ్యలో ప్రకాశవంతమైన లైట్లు ఉంటే బయటపడుతుంది. అంటే రాత్రి పెళ్ళిళ్ళు, స్టేజీ ప్రోగ్రాములు, దీపావళి, ఎదురుగా సూర్యుడున్న ఫోటోలు. చూశారా, మనం మళ్ళీ తీయలేని ఫోటోలు చాలావరకు ఇలాంటి చోట్లే ఉంటాయి.

కొనాలనుకుంటే ఎలా చూసి కొనాలి?

మొదటిది సైజు. లెన్స్ ముందు భాగంలో సున్నాకి అడ్డంగా గీత కొట్టినట్టు ఒక గుర్తు, పక్కన ఒక అంకె ఉంటుంది. 49, 52, 58, 67, 77 ఇలా. ఫిల్టర్ సైజు అదే. దాన్ని ఫోకల్ లెంగ్త్‌తో కలిపేయకండి. ఉదాహరణకి కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్స్‌కి కావాల్సింది 49 ఎంఎం ఫిల్టర్.

రెండోది కోటింగ్. మల్టీ కోటెడ్ అని ఉన్నదే తీసుకోండి. మంచి కోటింగ్ ఉంటే ఆ 4 శాతం అర శాతానికి, ఇంకా కిందికి కూడా దిగుతుంది. షాపులోనే పరీక్షించొచ్చు. ఫిల్టర్‌ని నల్లటి దాని మీద పట్టుకుని, పైనున్న ట్యూబ్‌లైటు ప్రతిబింబం చూడండి. తెల్లగా, మెరుస్తూ అద్దంలో లాగా కనిపిస్తే కోటింగ్ లేనట్టే. మసగ్గా, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తే కోటింగ్ ఉన్నట్టు. నా 300 రూపాయల ఫిల్టర్‌లో ట్యూబ్‌లైటే కాదు, నా మొహం కూడా కనిపించేది!

మూడోది, లెన్స్ ధరతో పోల్చుకోండి. చవక లెన్స్‌కి ఖరీదైన ఫిల్టర్ అక్కర్లేదు. ఆ డబ్బుతో హుడ్, బ్లోయర్, మైక్రోఫైబర్ గుడ్డ కొనుక్కోండి. ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి, తర్వాతే తుడవాలి. ఇంకో సంగతి, లెన్స్ మీద ఒక చిన్న గీత పడితే కంగారు పడకండి. అది ఫోకస్‌లో ఉండదు కాబట్టి మామూలు ఫోటోల్లో కనిపించదు.

ఫిల్టర్ బిగుసుకుపోతే గట్టిగా నొక్కి తిప్పకండి. నొక్కితే రింగు కోలగా మారి ఇంకా బిగుస్తుంది. చుట్టూ వెడల్పాటి రబ్బర్ బ్యాండ్ వేసి, మెల్లగా తిప్పండి. ఇంకో ముఖ్యమైన మాట: యూవీ అని పేరుంది కదా అని దాని గుండా సూర్యగ్రహణం చూడకండి. కళ్ళు పోతాయి. దానికి వేరే సోలార్ ఫిల్టర్లు ఉన్నాయి.

మరి ఫోన్ కెమెరాకి?

మీలో ఎక్కువమంది ఫోన్‌తోనే తీస్తారు కాబట్టి ఇది వినండి. మీ ఫోన్ లెన్స్ ముందు కంపెనీ ఇప్పటికే ఒక గాజు పెట్టింది. ఐఫోన్‌లో అయితే 2012లో వచ్చిన ఐఫోన్ 5 నుంచే కెమెరా మీద సఫైర్ కవర్ వాడుతున్నారు. మనం దాని మీద ఇంకో ప్రొటెక్టర్ అంటిస్తే ఇంకో రెండు ముఖాలు చేరతాయి, మధ్యలో దుమ్ము, తేమ చేరతాయి. ఫ్లాష్‌ని కూడా కలిపి మూసే ఒంటి ముక్క ప్రొటెక్టర్ అయితే, ఫ్లాష్ వెలుగు గాజులోంచి పక్కకి పాకి ఫోటో తెల్లగా మసకబారే అవకాశం ఉంది. నా సలహా, కెమెరా అంచు కంటే కొంచెం ఎత్తుగా ఉండే బ్యాక్ కవర్ వేసుకోండి. ఫోటో తీసే ముందు లెన్స్ మీద జిడ్డు వేలిముద్ర తుడవండి. లైట్ల చుట్టూ వచ్చే చారలు చాలావరకు దానితోనే పోతాయి.

ఇక ఫైనల్‌గా నా రూల్. గాలిలో ఏదో ఎగురుతుంటే, అంటే ఇసుక, రంగు, నీళ్ళు, తలంబ్రాలు ఎగురుతుంటే ఫిల్టర్ పెట్టండి. ఫ్రేమ్‌లో లైటు వెలుగుతుంటే తీసేయండి. రెండూ ఉంటే, ముందు ఫిల్టర్‌తో ఒక ఫోటో తీసి స్క్రీన్ మీద జూమ్ చేసి చూడండి. మచ్చ కనిపిస్తే ఫిల్టర్ జేబులోకి, హుడ్ లెన్స్ మీదకి. దీనికి 10 సెకన్లు పడుతుంది. ఆ 10 సెకన్లు ఆ రాత్రి నేను పెట్టలేదు.

లెన్స్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు ఫ్రెండ్స్. తాతయ్య ఫోటో ఇంకోటి తీసుకోలేం.

మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా బాగా తీయండి, జాగ్రత్తగా తీయండి. నమస్తే.