బెసలేలుకు తోడు దొరికాడు!

కాలేజీలు తెరిచే రోజుల్లో బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు బస్సుల్లోంచి బ్యాగులు, బకెట్లతో ఎందరో విద్యార్థులు బెంజ్ సర్కిల్‌లో దిగుతుంటారు. నెల తిరగకుండానే వారిలో కొందరికి ఒక దిగులు పట్టుకుంటుంది. చిన్న కాలేజీ. సాయంత్రమైతే క్రికెట్, వాలీబాల్. స్నేహాలన్నీ గ్రౌండులోనే కుదురుతాయి. బొమ్మలు వేసుకునే, పాటలు కట్టుకునే కుర్రవాడు మాత్రం గదిలో మిగిలిపోతాడు. ‘లోపం నాలోనే ఉంది’ అనుకుంటాడు. ‘ఇంటికొచ్చేస్తా నాన్నా’ అనే ఫోన్ల వెనుక చాలాసార్లు ఉండేది చదువు భారం కాదు, ఒంటరితనమే!

నిర్గమకాండం 31వ అధ్యాయం చూడండి. గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపాడు. బంగారం, వెండి, రత్నాలు, చెక్క అన్నింటిలో పనితనమిచ్చాడు. కళ లోపం కాదు, దేవుని వరమే! అయితే దేవుడు అక్కడితో ఆగలేదు. అహోలీయాబును అతనికి తోడిచ్చాడు. బెసలేలుది యూదా గోత్రం, అహోలీయాబుది దాను గోత్రం. గోత్రాలు వేరైనా పని వారిని కలిపింది.

మన గోదావరి తీరంలోనూ అలాగే జరిగింది. 1910వ దశకంలో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే బొమ్మలు వేసే, కవిత్వం రాసే యువకులను చేరదీశారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవారే. రామారావు రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టారు. 1925లో మశూచితో చిన్న వయసులోనే కన్నుమూశారు. కానీ పాఠశాల మూతపడలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం దాన్ని భుజాన వేసుకున్నారు. కుంచె పట్టిన చోట కుదిరిన స్నేహం మరణంతో కూడా తెగలేదు!

యౌవనులారా, స్నేహితుల కోసం రాని ఆట వచ్చినట్టు నటించనక్కరలేదు. సౌలు కవచం తనకు నప్పదని దావీదు విప్పేయలేదా? అలాగని తలుపేసుకుని కూర్చోకండి. డ్రాయింగు పుస్తకం వరండాలోకి తెచ్చుకోండి. కాలేజీలో గోడపత్రిక లేకపోతే మీరే మొదలుపెట్టండి. క్రిస్మస్ నాటకానికి తెర రాయండి, పాటల బృందంలో చేరండి. ‘నాతో స్నేహం చేస్తావా?’ అని అడగడం కష్టం. ‘ఈ రంగు కాస్త కలిపిపెడతావా?’ అనడం తేలిక. పదిమంది అక్కరలేదు, ఒక్క అహోలీయాబు చాలు. ఆటగాళ్లనూ దూరం పెట్టకండి. మ్యాచ్‌కు వెళ్లి చప్పట్లు కొట్టండి, వారి జట్టుకు బ్యానర్ రాసిపెట్టండి.

సంఘ పెద్దలకూ ఒక మాట. ఆరాధనకు వచ్చిన హాస్టల్ విద్యార్థిని ‘మార్కులెన్ని?’ అని అందరూ అడుగుతారు. మీరు ‘భోజనం ఎవరితో చేస్తున్నావు బాబూ?’ అని అడగండి. ‘ఒక్కడినే’ అంటే, ఆ ఆదివారం మీ ఇంట మరో కంచం పెట్టండి.