కాలువకు పైనున్న భూమి

గ్రామ పటములో సర్వే నంబర్లు, హద్దులు, డొంకలు కనిపించును గాని ఏది మెరకయో ఏది పల్లమో తెలియదు. అది తెలుపునవి టోపోషీట్లు. వానిని చదువుట నేర్చుకొనుటకు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రపు పడమటి మైదానముల పాత పటములు మంచివి. అక్కడి భూగర్భ సర్వే శాఖవారు 1900కు ముందే వీనిని రెండు మైళ్లకు సుమారు ఒక అంగుళము వంతున అచ్చు వేసిరి.

గార్డెన్ సిటీ పట్టణ ప్రాంతమును చూడుడు. గోధుమరంగు గీతలు కాంటూర్లు. పొలములో కాంటూరు గట్లు వేసినవారికి ఇవి క్రొత్త కావు. నీలపు గీతలలో లావుది ఆర్కాన్సాస్ నది. సన్ననివి 1880 దశకము నుండి రైతులు త్రవ్వుకొన్న కాలువలు. కాలువ నదిని విడిచి, ఇంచుమించు కాంటూరు వెంటనే పోవును. నది మైలుకు 7 అడుగులు, కాలువ 2 అడుగులు దిగునని అనుకొనుడు. పది మైళ్లు పోవుసరికి కాలువ నదికంటె 50 అడుగుల ఎత్తున నుండును. ఈ రెండింటి నడుమ భూమికే పారుదల. కాలువకు పైనున్నదంతయు ఏటికి 18, 19 అంగుళముల వానను నమ్ముకొన్న మెరక.

ఆ మెరకకు నీరెక్కించినవి లోతుబావుల పంపులు. బావిచుట్టు చక్రములపై తిరుగుచు నీరు చిమ్ము గొట్టమునకు కొలరాడో రైతు ఫ్రాంక్ జైబాక్ 1952లో పేటెంటు పొందెను. 160 ఎకరముల చదరములో సుమారు 130 ఎకరములు తడియును, మూలలు మిగిలిపోవును.

టోపోషీటులో పైరు గాని, భూగర్భజల మట్టము గాని ఉండదు. 1898లో డార్టన్ ఓగలాలా అని పేరిడిన నేలపొరలోని నీరు, పడమటి కాన్సాస్‌లో కొన్నిచోట్ల 100 అడుగులకు మించి దిగినది. పంపులు ఆగియుండు జనవరిలో ఏటేట సుమారు 1,400 బావులను కొలిచి, ఆ మట్టములకు వేరే పటములు వేయుచున్నారు. ఎగువను కాలువలు నీరు మళ్లించుటచేతను, పంపులచేతను గార్డెన్ సిటీ వద్ద నదియు చాలాకాలముగా తరచు ఇసుకమేటయే. పాత పటములో మాత్రము నీలపు గీత అట్లే యున్నది!

కావున పటపు అంచున సర్వే చేసిన సంవత్సరమును ముందు చూడుడు. అచ్చు వేసిన సంవత్సరము వేరుగా నుండును. పాత సర్వేనే మరల అచ్చు వేయుట కద్దు. 1884 నుండి వచ్చిన పటములను ఆ శాఖవారు ఇంటర్నెట్టులో ఉచితముగా ఉంచినారు. ఒకే తావుకు రెండు కాలముల పటములు ప్రక్కప్రక్కన పెట్టి, కాలువకు పైనున్న భూమిలో బావి గుర్తులు ఎన్ని పెరిగినవో లెక్కించుడు.