ఇంటి మీద సోలార్‌కు సబ్సిడీ ఉంది.. మరి ఉడికిపోతున్న స్లాబ్ సంగతేంటి?

ఏప్రిల్, మే వచ్చిందంటే కరీంనగర్, రామగుండం, ఆదిలాబాద్ వైపు డాబా ఇళ్లలో రాత్రి పది దాటినా నిద్ర పట్టదు. పగలంతా ఎండకు కాలిన స్లాబ్, ఆ వేడిని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. రేకుల ఇల్లయితే చెప్పక్కర్లేదు. ఇక ఆదిలాబాద్‌లో చలికాలం వస్తే ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడిపోతుంది. అంటే రెండు సీజన్లలోనూ ఇంట్లో ఉండేవాళ్లకు తిప్పలే. మరి ఇంటిని బాగు చేయించుకుంటామంటే సర్కార్ పైసలు ఇస్తుందా?

కొత్త ఇల్లు కట్టుకుంటే ఇస్తుంది. సోలార్ పెట్టుకుంటే ఇస్తుంది. ఉన్న ఇంటి కప్పును చల్లబరచుకోవడానికి మాత్రం అలాంటి పెద్ద స్కీమ్ ఏదీ లేదు.

సోలార్‌కు ఎంత వస్తుంది?

కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్య ఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన పెట్టుకుంటే రూ.78 వేల సబ్సిడీ వస్తుంది. దేశవ్యాప్తంగా కోటి ఇళ్లు టార్గెట్. పోర్టల్‌లో అప్లై చేసుకోవాలి. ఉత్తర తెలంగాణలో ఎన్పీడీసీఎల్ ఓకే చెప్పాలి. లిస్టులో ఉన్న వెండర్‌తోనే పని చేయించాలి. నెట్ మీటర్ బిగించి, చెకింగ్ అయ్యాకే సబ్సిడీ బ్యాంక్ ఖాతాలో పడుతుంది. అంటే ముందు చేతి నుంచి పెట్టాలి, లేదంటే లోన్ తీసుకోవాలి. పైగా కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి. కిరాయికి ఉండేవాళ్లకు, కప్పు బలంగా లేని ఇళ్లకు ఇక్కడే కథ ఆగిపోతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. రాష్ట్రంలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి అమలవుతోంది. అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. జీరో బిల్లు వచ్చే ఇంటికి సోలార్‌తో మిగిలేదేముంది? కానీ 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. 200 వాట్ల కూలర్ రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 60 యూనిట్లు. ఎండాకాలంలో గీత దాటించేది చాలా ఇళ్లలో ఈ 60 యూనిట్లే. కప్పు వేడి తగ్గితే కూలర్ తిరిగే టైమ్ తగ్గుతుంది, బిల్లు జీరోలోనే ఉండే ఛాన్స్ పెరుగుతుంది. చిన్న ఇంటికి అసలు లెక్క ఇదే.

పాలసీ ఉంది, కానీ..

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలన్నది లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌కే, మిగతా రాష్ట్రమంతటికీ 100. ప్రభుత్వ, కమర్షియల్ బిల్డింగ్‌లకు తప్పనిసరి. ఇళ్లయితే 600 గజాలు, ఆపైన ప్లాట్లకే రూల్. అంతకంటే చిన్న ఇల్లు యజమాని ఇష్టం. వేడి ఎక్కువగా తగిలేది మాత్రం ఆ చిన్న ఇళ్లకే. హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 2017లో పేదల ఇళ్లపై కూల్ రూఫ్ వేసి చూస్తే, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది.

ఇందిరమ్మ ఇళ్లకు రూ.5 లక్షలు పునాది, గోడలు, స్లాబ్, ఫినిషింగ్ దశల్లో ఇస్తున్నారు. కనీసం 400 చదరపు అడుగులు కట్టాలి. పాలసీ తెచ్చినప్పుడు చెప్పిన ఖర్చు చదరపు మీటర్‌కు సుమారు రూ.300. ఆ లెక్కన 400 అడుగుల కప్పుకు దాదాపు రూ.11 వేలు. ఐదు లక్షల్లో ఇది రెండు శాతం చిల్లర.

యుద్ధంలో ఉన్న దేశం ఏం చేస్తోంది?

ఉక్రెయిన్‌లో 2022 అక్టోబర్ నుంచి రష్యా కరెంటు ప్లాంట్లు, గ్రిడ్‌నే టార్గెట్ చేసింది. గడ్డకట్టే చలిలో కరెంటు పోతే ఇంట్లో వెచ్చదనం నిలవాలంటే గోడలు, కిటికీలే దిక్కు. అక్కడ 2018లోనే యూరోపియన్ యూనియన్, జర్మనీ సాయంతో ఎనర్జీ ఎఫిషియెన్సీ ఫండ్ పెట్టారు. యుద్ధం వచ్చాక అదే ఫండ్ 'విద్నోవిదిమ్' పేరుతో దెబ్బతిన్న అపార్ట్‌మెంట్ల కిటికీలు, కప్పుల రిపేర్లకు డబ్బులిస్తోంది. సొంత ఫ్లాట్, ఇల్లు దెబ్బతిన్నవాళ్లకు మరో పథకం. 2023 మే నుంచి మన మీసేవ లాంటి 'దియా' యాప్‌లోనే అప్లై చేసుకోవచ్చు. చిన్న రిపేర్లకు మొదట్లో 2 లక్షల హ్రివ్నియాల వరకు ఇచ్చారు. బాంబులు పడుతున్న టైమ్‌లోనూ కరెంటు తయారీతో పాటు కరెంటు అవసరాన్ని తగ్గించే పనికీ పైసలు పెట్టారన్నమాట. మన దగ్గర రామగుండంలో బొగ్గు మండించి తీసిన కరెంటు ఫ్రీగా వస్తోంది, దాన్ని తినేసే కప్పు మాత్రం అలాగే ఉంది.

ఈ ఎండాకాలానికి సొంతంగా చేయించుకోవాలంటే పని మార్చి లోపే పూర్తి చేయాలి. ముందు స్లాబ్ పగుళ్లు పూడ్చాలి, తర్వాత కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాతే రెండు కోట్లు వైట్ కూల్ పెయింట్. అంత బడ్జెట్ లేకపోతే సున్నం కూడా పని చేస్తుంది, కాకపోతే ఒక్క వానాకాలానికే కొట్టుకుపోతుంది. దుమ్ము పట్టిన తెల్లరంగు ఎండను తిప్పికొట్టదు కాబట్టి ఎండాకాలానికి ముందు ఏటా ఓసారి కడగాల్సిందే.