స్త్రీల వినికిడియు హార్మోనులును

తల్లి పిలుపునకు పలుకనియెడల పిల్లలు విసుగుకొందురు, పరధ్యానమని నిందింతురు. అది పరధ్యానము గాక చెవిలో గలిగిన మార్పు కావచ్చును. అట్టి మార్పునకు గల కారణములలో నొకదానిని గూర్చి యిచట తెలిసికొందము.

శబ్దము మొదట కర్ణభేరిని కదలించును. ఆ కదలిక మూడు చిన్న యెముకల మూలమున, నత్తగుల్లవలె చుట్టుకొనియున్న కర్ణావర్తమును చేరును. అచటి సుమారు 15,000 రోమకణములు దానిని నాడీసంకేతముగా మార్చి మెదడునకు పంపును. మనుష్యులలో ఈ కణములు ఒకసారి నశించిన మరల పుట్టవు.

హార్మోనులన నాళములు లేని గ్రంథులనుండి రక్తములో గలిసి, దూరాంగములకు ఆజ్ఞలు గొనిపోవు దూతలవంటివి. ఈ పేరును 1905లో స్టార్లింగను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వాడుకలోనికి దెచ్చెను. స్త్రీలకు ముఖ్యమైన ఈస్ట్రోజెనను హార్మోనును గ్రహించు స్థానములు కర్ణావర్తమునందును గలవు. కావుననే దానికిని వినికిడికిని సంబంధము గలదని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.

గర్భకాలమున ముక్కు లోపలి పొరలు ఉబ్బుటచే కొందరికి చెవి మూసికొనినట్లు తోచును. ప్రసవానంతరము అది చాలమందికి తగ్గును. మూడవ యెముక బిగిసికొనిపోవు రోగమొకటి పురుషులకంటె స్త్రీలలో నధికము. గర్భము దానిని హెచ్చించునని పూర్వపు వైద్యులు చెప్పిరి. తరువాతి పరిశోధనలలో కొన్ని దానిని సమర్థింపలేదు.

ముట్టుడిగిన పిమ్మట ఈస్ట్రోజెను తగ్గును. అదే కాలమున వయస్సుచేతను వినికిడి తగ్గును గనుక, ఏది దేనివలన గలిగెనో చెప్పుట సులభము గాదు. అట్లని హార్మోను మాత్రలు మ్రింగిన చెవులు బాగగునని తలంపరాదు. సుమారు 81,000 మంది నర్సులను గూర్చి అమెరికాలో జరిగి 2017లో ప్రకటింపబడిన పరిశోధనయందు, అట్టి మందులను చిరకాలము వాడినవారిలోనే వినికిడిలోపము ఎక్కువగా గనబడెను. మందే కారణమని దీనివలన రుజువు గాలేదు; అయినను వైద్యుని యడుగక వాడరాదనుటకు ఇది చాలును. థైరాయిడు హార్మోను తగ్గినను వినికిడి మందగింపవచ్చును; దానిని రక్తపరీక్షచే తెలిసికొని చికిత్స చేయవచ్చును.

చిక్కడపల్లి, నారాయణగూడ దారులలోని వాహనఘోష స్త్రీపురుషభేదము లేక అందరి చెవులకును హానికరము. 80 డెసిబెలుల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు.

ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినచో ఒకటి రెండు దినములలోనే వైద్యుని జూడవలయును; ఆలస్యమైనకొలది చికిత్స ఫలించుట కష్టము. మన విద్యానగరమునకు దూరము గాని కోఠీలో చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు ప్రభుత్వ వైద్యశాల గలదు.

బాలబాలికలారా! మీ తల్లిగాని, అవ్వగాని ఒకే మాటను రెండుమూడుమార్లు అడిగినచో కేకలు వేయకుడు. దగ్గరకు బోయి, ముఖమునకెదురుగా నిలిచి, నిదానముగా పలుకుడు. ఇంటిపనిలో బడి తమ దేహమును తలంపని ఆమెను పరీక్షకు దీసికొనిపొండని తండ్రికి మీరే చెప్పుడు.